ఒక్క ఎంటర్‌తో మాయమైన గద్వాల

ఒక హాలు నిండా జనం కళ్లప్పగించి చూస్తుండగా, మిట్టమధ్యాహ్నం, నేను గద్వాలను మాయం చేశాను. కోటతో సహా అని కోతలు కోయను గాని, గద్వాల ఆడపిల్లలందరినీ, వాళ్లకు తోడుగా వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలను కూడా కలిపి, ఒక్క ఎంటర్ నొక్కి ఎక్కడికో పంపేశాను. ఈ పనికి గారడీవాళ్లకైతే నల్ల గుడ్డ, పెద్ద పెట్టె, డప్పు కావాలి. నాకు ఒక లాప్‌టాప్, బోలెడంత పొగరు సరిపోయాయి. ఆ రోజు పరువు ఎలా పోయిందో, పోయింది పోయినట్టే ఉండక ఏం వెంటబెట్టుకుని తిరిగొచ్చిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. ఆ హాలులో అంతమంది నవ్వారు, మీరొక్కరు మొహమాటపడితే బాగుండదు.

అప్పట్లో నేను గద్వాలలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. సెంటర్ అనగానే అద్దాల తలుపులు ఊహించుకోకండి. ఎరువుల దుకాణం మీద రెండు గదులు, అంతే. కింద నుంచి వచ్చే ఘాటుకు మా కంప్యూటర్లలోకి వైరస్ కూడా రాదని ఖాజా సార్ అందరితో గొప్పగా చెప్పేవారు. ఖాజా సార్ అంటే సెంటర్ ఓనరు. టైపు మిషన్ల కాలం నుంచి ఊళ్లో పిల్లలకు వేళ్లు తిప్పడం నేర్పినాయన. మనిషి వెన్న. పిల్లలు క్లాసు ఎగ్గొడితే తనే వాళ్లింటికి వెళ్లి, కోప్పడడానికి మొహమాటపడి, చాయ్ తాగి వచ్చేవారు.

ఇక నేను. మాది మగ్గం ఉన్న ఇల్లు. చీర అంచుకు డిజైను గీయడానికి మా నాన్న గ్రాఫు కాగితం మీద ఒక్కో గడి నింపుతుంటే పక్కన కూచుని చూస్తూ పెరిగినదాన్ని. అందుకే మొదటిసారి ఎక్సెల్ షీటు తెరవగానే, ఓహో ఇవి గళ్లే కదా, ఇది మా ఇంటి సరుకే అనుకున్నాను. ఆ అనుకోవడం తలకెక్కి, అక్కడే కాపురం పెట్టింది.

ఆ షీటులో నాకు బాగా నచ్చిన విద్య పేర్లు పెట్టడం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, తెలిసినవాళ్లు కాసేపు మంచినీళ్లు తాగి రండి. కొన్ని గళ్లను మౌసుతో పట్టుకుని, ఎడమ వైపు పైన ఉండే చిన్న పెట్టెలో ఒక పేరు కొట్టి, ఎంటర్ నొక్కితే ఆ గళ్ల గుంపుకు ఆ పేరు స్థిరపడుతుంది. తర్వాత ఎప్పుడు ఆ పేరు కొట్టినా ఆ గళ్లన్నీ ఒక్కసారిగా రంగు మారి, ఇదిగో మేం ఇక్కడున్నామని చూపిస్తాయి. కాకపోతే పేరు పెట్టడానికి కొన్ని నియమాలున్నాయి. పేరు అంకెతో మొదలు కాకూడదు. మధ్యలో ఖాళీ ఉండకూడదు. అడ్డగీత పనికిరాదు, కింద గీత పెట్టుకోవచ్చు. ఆఖరిది, పేరు ఏ గడి చిరునామాలాగానూ ఉండకూడదు. అంటే A1 అనో B2 అనో పెట్టకూడదన్నమాట. నిలువు వరసకు అక్షరాలు, అడ్డ వరసకు అంకె, ఆ రెండూ కలిస్తే ఆ గడి చిరునామా.

ఈ ఆఖరి నియమం దగ్గరికి రాగానే నేను పాఠం ఆపి నవ్వేదాన్ని.

"కన్నబిడ్డకు ఎవరన్న ఇంటి నంబరు పేరు పెడ్తరా? 'ఓ ఐదు బై ఇరవై, బువ్వ తిందువు రా' అని పిలుస్తరా? గీ రూలు తలకాయ లేనోళ్ల కోసం రాసిన్రు. మనకొద్దు, కొట్టేయిరి."

పిల్లలు కిలకిలా నవ్వి, బుద్ధిగా కొట్టేసేవారు. వాళ్లలో ఎంతమంది జీవితాల్లో ఆ నియమం ఇంకా కొట్టివేతలోనే ఉందో ఆ దేవుడికే తెలియాలి.

అలా గాల్లో తేలుతున్న రోజుల్లో ఖాజా సార్ ఒక కబురు తెచ్చారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు చోట్లా డిగ్రీ చదివే ఆడపిల్లలకు ఏడాది పాటు కంప్యూటర్ నేర్పే పనిని ఒకే సెంటర్‌కు ఇస్తారట. ఎవరికివ్వాలో వనపర్తిలో ఒక ఆఫీసరు మేడం తేలుస్తారట. ఒక్కో ఊరి నుంచి ఒక్కో సెంటర్ వెళ్లి ఆమె ముందు పనితనం చూపించాలట.

"మంజులా, గీ పని మనకు రాకుంటె షట్టర్ దించుడే బేటీ," అన్నారు సార్. "కింద దుకాణపాయన పైగదుల్ల బస్తాలు ఏస్తడంట. రోజు టేపు పట్టుకొచ్చి గోడలు కొలుస్తుండు. నిన్న నేను కూసున్న కుర్చీ గూడ కొలిసిండు."

"సార్, మీరు జర పరేషాన్ గాకుండ్రి. నేను పోతున్న గద."

"నువ్వు పోతున్నవనే జర ధైర్యం. నువ్వు జర ఎక్కువ మాట్లాడ్తవనే జర భయం."

సెంటర్ మూతపడితే సార్‌కు వేరే బతుకుతెరువు లేదు. నాకూ ఆ ఊళ్లో పాఠం చెప్పడానికి వేరే బోర్డు లేదు. కానీ భయపడడం నాకు రాదని అందరికీ చెప్పి ఉన్నాను కాబట్టి పైకి నవ్వుతూ బస్సెక్కాను. వనపర్తి దాకా నేను పేర్ల నియమాలు వల్లించాను, సార్ దువాలు వల్లించారు. ఎవరిది వాళ్లది.

ఆ రోజు వనపర్తిలో మూడు ఊళ్ల ఆడపిల్లలకు ఏవో ఆటలపోటీలు, పాటలపోటీలు జరిగి, పొద్దునే ముగిశాయి. బహుమతులు పంచేసి, పిల్లలందరినీ హాలులో కూచోబెట్టారు. బయట వాళ్లను ఇళ్లకు చేర్చే బస్సులు సిద్ధంగా ఉన్నాయి, వనపర్తి చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు కూడా. మమ్మల్ని పరీక్షించే మేడం వేదిక మీదికి వచ్చారు. ఆమెకు మైకు ఇచ్చారు గాని, ఆ గొంతు విన్నాక అది మైకుకే అవమానం అనిపించింది.

"ఉపన్యాసాలు వద్దు," అన్నారు మేడం. "ఈ పిల్లలు ఏ బస్సులో ఎవరు పోవాలో ఈ షీటులో వరసగా ఉంది. బస్సు పేరు కొట్టగానే ఆ బస్సు పిల్లలంతా తెరమీద కనబడాలి. బస్సుల అద్దాల మీద ఏం రాసుందో అవే పేర్లు. ఎవరు చక్కగా చేసి, పిల్లలకు అర్థమయ్యేటట్టు చెప్తారో, పని వాళ్లదే."

నాకు నవ్వాగలేదు. పేర్లు పెట్టడమే! వేరే ఏదైనా అడిగి ఉంటే కొంచెమైనా చెమట పట్టేది. ఖాజా సార్ వైపు తిరిగి, బస్తాలు వేసుకోవడానికి దుకాణపాయన వేరే ఇల్లు చూసుకోవాల్సిందేనని సైగ చేశాను. ఆ సైగ సార్‌కు అర్థం కాలేదు గాని, నా మొహంలో ధీమా చూసి ఆయన కూడా తల ఊపారు.

మా ఎదుటివాళ్లు ఇద్దరు. నాగర్‌కర్నూల్ నుంచి రాములు సార్. బల్మూర్ దగ్గర సొంత పొలం ఉంది, సెంటర్ నడపడం కన్నా వేరుశనగ గురించి మాట్లాడడం ఆయనకు ఇష్టం. రెండోవాడు వనపర్తి సుధాకర్. టై కట్టాడు. తెరమీద ఎర్ర చుక్క పడే లైటు పట్టుకున్నాడు. ఆ చుక్కతో నా కుర్చీ మీద, నా సంచీ మీద, ఒకసారి నా నుదుటి మీద కూడా ఆడించాడు.

"మీరే మొదలు పెట్టుండ్రి మంజుల మేడం," అన్నాడు. "లేడీస్ ఫస్ట్. మేమెట్లయినా ఆఖర్ల గెలుస్తం."

నేను కొంగు దోపుకుని లాప్‌టాప్ ముందు కూచున్నాను. వెనక పెద్ద తెర. తెరమీద పిల్లల పేర్లు వరసగా. హాలులో తమ పేరు కనిపించిన ప్రతి పిల్లా పక్కదాన్ని గిల్లుతోంది. నేను మైకు తీసుకుని, పేర్ల మహిమ గురించి చిన్న ఉపన్యాసం దంచాను. ఉపన్యాసాలు వద్దన్నారు కదా అంటారా? అది మిగతావాళ్లకని అనుకున్నాను.

"చూడుండ్రి పిల్లలూ. గద్వాల బస్సు పేరు GDL1. అక్షరంతోనే మొదలైంది, మధ్యల ఖాళీ లేదు, గీత లేదు. ముచ్చటైన పేరు. ఇగో, గద్వాల పిల్లలందర్ని పట్టుకున్న. గీ పెట్టెల GDL1 అని కొడ్తున్న. ఇగ ఎంటర్."

కొట్టాను.

తెర తెల్లగా అయిపోయింది.

పేర్లు లేవు. ఊళ్లు లేవు. ఖాళీ గళ్లు తప్ప ఇంకేమీ లేదు. వెనక వరసలో నుంచి ఒక గొంతు లేచింది.

"అక్కా, మేమేడబోయినం?"

"ఏడికి పోలేదమ్మా, వస్తరు," అన్నాను నేను.

"మా బస్సు ఎల్లిపోయిందా అక్కా?"

"లేదమ్మా, జర ఆగు."

వెనక్కి తీసుకునే మీటలు నొక్కాను. ఏమీ జరగలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. గట్టిగా నొక్కితే కంప్యూటర్ భయపడి మాట వింటుందని నా శిష్యులకు కూడా చెప్పేదాన్ని కాదు, కానీ ఆ క్షణంలో నమ్మాను. వేదిక పక్కన ఖాజా సార్ లేచి నిలబడ్డారు, కూచున్నారు, మళ్లీ లేచారు.

"మంజులా, క్యా హువా?"

"సార్, ఏం గాలేదు."

"ఏం గాకుంటె పిల్లలేరి?"

తెర అంత తెల్లగా ఉంటే చూసేవాళ్లకు బాగుండదని, కనీసం ఏదో ఒకటి కనిపించాలని, ఆ ఖాళీ మైదానంలో నేనున్న గడిలో GADWAL అని కొట్టాను. ఎందుకు కొట్టానని అడగకండి. నీళ్లలో మునిగేవాళ్లు ఎందుకు చేతులాడిస్తారో అందుకే. ఇప్పుడు తెరమీద అంత పెద్ద బయలులో ఒకే ఒక్క మాట, గద్వాల, ఒంటరిగా నిలబడింది.

"గద్వాలంటె గింతేనా?" అంది ముందు వరసలో ఒక వనపర్తి పిల్ల. "గొక్కటే ఇల్లుందా?"

హాలు పగలబడి నవ్వింది. గద్వాల పిల్లలు మాత్రం నవ్వలేదు. వాళ్లు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. సుధాకర్ లేచి, ఎర్ర చుక్కను ఆ ఒంటరి గద్వాల చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయించి, లైటు జేబులో పెట్టుకున్నాడు.

"మేడం, వీళ్లది అయిపోయేటట్టు లేదు. నేను చాయ్ తాగొస్త," అన్నాడు. పోతూ పోతూ ఫోనులో ఎవరికో, గద్వాల ఖతం అని చెప్పడం మా అందరికీ వినిపించింది. వినిపించాలనే చెప్పాడు.

మేడం నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"అమ్మా, పిల్లలు తెరమీద లేకపోతే పోనీ. కాగితం మీదైనా ఉన్నారేమో చూడు. ప్రింట్ తీయి. బస్సులు ఎంతసేపని ఆగుతాయి?"

ప్రింట్ నొక్కాను. పక్కన ఉన్న ప్రింటరు గురకపెట్టి, ఒక కాగితం కక్కింది. అటెండరు ఒకాయన తీసి, బోర్లా ఉన్నదాన్ని అలాగే మేడం చేతికిచ్చాడు. రెండోదీ అలాగే ఆమె చేతికి చేరింది. మూడోది వచ్చింది. ఆ తర్వాత కాగితాలు రావడం ఆగలేదు.

"మేడం, గివన్ని తెల్లగనే ఉన్నయ్," అన్నాడు అటెండరు.

"ఎన్ని వస్తున్నాయి?"

"వస్తనే ఉన్నయ్ మేడం. పిండిమర లెక్క వస్తున్నయ్."

తెల్లకాగితం మీద తెల్లకాగితం. బల్ల నిండింది, కింద పడడం మొదలుపెట్టింది. ముందు వరస పిల్లలు వచ్చి ఏరుకోవడం మొదలుపెట్టారు. ఒక పిల్ల అప్పుడే విమానం చేసి వదిలింది, అది నా జడకు తగిలింది. "అరె, ఆపుండ్రి!" అని ఖాజా సార్ వేదిక ఎక్కి, ఏ వైరు దేనిదో చూడకుండా గోడకున్న ప్లగ్గులన్నీ పీకేశారు. ప్రింటరుతో పాటు ఒక ఫ్యాను, మైకు కూడా ఆగిపోయాయి. లాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద బతికింది. తెర మీద వెలుగు కూడా అదృష్టవశాత్తు వేరే గోడ నుంచి వస్తోంది.

ఆ నిశ్శబ్దంలో మేడం చేతిలోని మొదటి కాగితం నా కంట పడింది. అది తెల్లగా లేదు.

"మేడం, ఒక్కసారి గా కాగితం..."

లాక్కున్నంత పని చేశాను. మొదటి కాగితం నిండా పిల్లల పేర్లు. గద్వాల పిల్లలు, తర్వాత వనపర్తి పిల్లలు. రెండోదాని మీద మిగతావాళ్లు. ఒక్కరు కూడా తక్కువ లేరు. అంటే షీటులో అందరూ ఉన్నారు. మరి తెరమీద ఎందుకు లేరు?

అప్పుడు మొదటిసారి షీటు పైఅంచు చూశాను. A, B, C అని ఉండాల్సిన చోట, నిలువు వరసల తలల మీద, చిన్న అక్షరాలతో స్పష్టంగా ఉంది, GDL. దాని పక్కన GDM. ఎడమ వైపు అడ్డ వరసల అంకె, ఒకటి. నేను కూచున్న గడి చిరునామా GDL1.

నా బుర్రలో కొళాయి తిప్పినట్టయింది. ఈ షీటు ఎంత పెద్దదంటే, A నుంచి Z దాకా అయిపోయాక AA, AB అని పోయి, మూడేసి అక్షరాల దాకా సాగుతుంది. ఆ పొడవైన దారిలో GDL అనే వీధి ఒకటి నిజంగానే ఉంది. నేను పేరు పెట్టానని అనుకున్నాను. అది మాత్రం, ఈమె ఎవరో GDL వీధి ఒకటో నంబరు ఇంటికి పోవాలంటోంది అనుకుని, మర్యాదగా తీసుకెళ్లి దింపింది. పిల్లలు ఎక్కడికీ పోలేదు. వాళ్ల ఇంట్లో వాళ్లు కూచున్నారు. తప్పిపోయింది నేను.

ఇంటి నంబరు పేరు పెట్టేవాళ్లుంటారా అని నవ్విన పంతులమ్మ, ఒక ఊరంత బస్సుకు ఇంటి నంబరు పెట్టి, ఆ ఇంటికి తనే కాపురానికి వెళ్లింది. అక్కడ ఒంటరిగా నిలబడి గోడ మీద ఊరి పేరు కూడా రాసింది. అంత దూరంలో నేను రాసిన ఆ ఒక్క మాట వల్లే, పాపం, ప్రింటరు మా ఊరు వచ్చేదాకా మధ్యలోని బయలంతా అచ్చు వేద్దామనుకుంది.

దూరం వెళ్లడానికి చిరునామా కొట్టాం కదా, ఇంటికి రావడానికి మొదటి ఇంటి చిరునామా కొడితే సరి. ముందు ఆ పిచ్చి రాతను చెరిపాను. తర్వాత పెట్టెలో A1 కొట్టి, వేలును ఎంటర్ మీద ఉంచి, హాలు వైపు తిరిగాను.

"పిల్లలూ, చూస్తుండ్రి. మీ అందర్ని తోలుకొస్తున్న."

నొక్కాను. తెర నిండా పేర్లు!

హాలు లేచింది. పిల్లలు ఈలలు వేశారు. ఆడపిల్లలు అంత గట్టిగా ఈల వేయగలరని నాకు ఆ రోజే తెలిసింది. "వచ్చినం, వచ్చినం!" అని గద్వాల పిల్లలు బెంచీలు చరిచారు. ఖాజా సార్ కళ్లు తుడుచుకుంటూ పీకిన ప్లగ్గులు ఒక్కొక్కటే పెట్టారు. మైకు తిరిగి ప్రాణం పోసుకోగానే నేను దాన్ని అందుకున్నాను. సిగ్గుతో కుంగిపోవాల్సింది, తెలుసు. కానీ దొరికిందన్న సంతోషంలో సిగ్గుకు చోటు దొరకలేదు.

"ఏం జరిగిందో జెప్త, ఇనుండ్రి. తప్పు నాదే. గడి చిరునామా లెక్క ఉండే పేరు పెట్టొద్దని రూలున్నది. నేను దాన్ని లెక్కజెయ్యలే. మన మూడు ఊర్ల పేర్లు, GDL, NGK, WNP, మూడు గూడ గీ షీట్ల వీధులే. భూమ్మీద వనపర్తి దాటినంక నాగర్‌కర్నూల్ వస్తది. గీడ నాగర్‌కర్నూల్ దాటినంక వనపర్తి వస్తది. పాలమూరు పోయేటోళ్లు అదృష్టవంతులు, MBNR అని నాలుగు అక్షరాలు రాస్తరు. నాలుగు అక్షరాల వీధి గీడ లేదు."

"మరి మా బస్సుకెట్ల అక్కా?" అని అరిచింది, ఇందాక నన్ను ఒక్క ఇల్లుందా అని అడిగిన వనపర్తి పిల్ల.

"ముంగట Bus అని పెట్టి, కింద గీత గీసి, అప్పుడు ఊరి పేరు. Bus_GDL1. అట్ల పేరున్న ఇల్లు ఏ వీధిల లేదు."

గద్వాల పిల్లలను పట్టుకున్నాను, పేరు కొట్టాను, ఎంటర్. షీటు కదల్లేదు, పేరు నిలబడింది. వేరే చోటికి పోయి మళ్లీ ఆ పేరు కొట్టాను. గద్వాల పిల్లల గళ్లన్నీ ఒక్కసారిగా రంగు మారాయి. ఆ పిల్లలు లేచి గెంతారు. అలాగే వనపర్తి, అలాగే నాగర్‌కర్నూల్. ఏ బస్సు పేరు కొడితే ఆ వరసలు లేచి గెంతడం. మేడం మొహంలో ఏమీ కనిపించలేదు గాని, ఆమె చెప్పు నేల మీద తాళం వేయడం నేను చూశాను.

అప్పుడే సుధాకర్ చాయ్ తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చాడు. నేను చెప్పిందేదీ అతను వినలేదు. తెరమీద నా పేర్లు చూసి, టై సర్దుకున్నాడు.

"ప్రతి పేరుకు ముంగట Bus ఎందుకు మేడం? అది బస్సని పిల్లలకు తెల్వదా?" అని తన లాప్‌టాప్ తగిలించి, అదే షీటు తెరిచాడు. "చూడుండ్రి, సింపుల్‌గ ఎట్ల జేస్తరో."

నేను నోరు తెరవబోయాను. నిజం చెబుతున్నాను, తెరవబోయాను. కానీ నా నుదుటి మీద ఆడిన ఎర్ర చుక్క గుర్తొచ్చి, నోరు దానంతటదే మూసుకుంది.

సుధాకర్ వనపర్తి పిల్లలను పట్టుకున్నాడు. WNP1. ఎంటర్.

తెల్లతెర!

అతని చేతిలోని ఎర్ర చుక్క తెర మీదంతా పరుగులు పెట్టింది, దారి తప్పిన మేకపిల్లలాగా. "ఏందిది? షీటు ఖరాబున్నట్టున్నది," అని అతను వైర్లు లాగి చూస్తుంటే, హాలులోని పిల్లలందరూ, మూడు ఊళ్ల పిల్లలూ, ఒక్క గొంతుతో అరిచారు.

"సార్, A1 కొట్టుండ్రి!"

"ఆ?"

"A1 కొట్టుండ్రి సార్! మీరు పేరు పెట్టలే, ఊరు పోయిన్రు!"

సుధాకర్ A1 కొట్టాడు. పేర్లు తిరిగొచ్చాయి. "ఇప్పుడు Bus పెట్టి, కింద గీత పెట్టుండ్రి సార్!" అని మళ్లీ హాలంతా. అతను పెట్టాడు. పాపం, టై అప్పటికే వీపు వైపు తిరిగింది.

మేడం నాగర్‌కర్నూల్ రాములు సార్‌ను పిలిచారు. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"నేనెందుకు మేడం? రెండుసార్లు జూసిన. మా పిల్లలకు గూడ ఆ బిడ్డనే పేరు పెట్టింది, మంచిగున్నది. నేను పొద్దుగూకకముందు పొలం కాడికి పోవాలె."

మేడం మైకు పక్కన పెట్టి, మామూలు గొంతుతోనే హాలు దద్దరిల్లేలా అన్నారు: "నేను అడిగింది రెండు. పని జరగాలి, పిల్లలకు అర్థం కావాలి. ఈమె పని చెడగొట్టి బాగు చేసింది. ఆ చెడగొట్టడంలోనే హాలు మొత్తానికి పాఠం అయిపోయింది. ఇంతమంది పిల్లలు ఒక సార్‌కు పాఠం చెప్పడం నేను ఇంతవరకు చూడలేదు. పని గద్వాలది."

ఖాజా సార్ నన్ను చూశారు, మేడంను చూశారు, చివరికి ప్రింటరును కావలించుకున్నారు. ఆ తర్వాత ఫోను తీసి, ఎరువుల దుకాణపాయనకు చేశారు. "అన్నా, టేపు ఇంట్ల పెట్టుకో. పైగదులు ఖాళీ గావు, ఇంకొక గది గావాలె," అని గట్టిగా చెప్పి, ఆయన ఏమన్నాడో వినకుండానే పెట్టేశారు. అంత కటువుగా మాట్లాడిన సార్‌ను నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"మీరిద్దరు కూడా గద్వాల బస్సులోనే పొండి," అని చెప్పి మేడం జీపెక్కి వెళ్లిపోయారు.

మేం రాజుల్లాగా నడుచుకుంటూ GDL1 బస్సు దగ్గరికి వచ్చాం. పిల్లలు కిటికీల్లోంచి "మంజులక్కా!" అని చేతులూపుతున్నారు. తలుపు దగ్గర ఒక టీచరమ్మ, నేను ప్రింటు తీసిచ్చిన కాగితం పట్టుకుని, ఒక్కొక్కరి పేరూ చూసి ఎక్కిస్తోంది.

"మీ పేర్లేందమ్మా?"

"మంజుల. ఈయన ఖాజా సార్."

ఆమె కాగితం పైనుంచి కిందికి చూసింది. కింది నుంచి పైకి చూసింది.

"లేవు."

"నేనేనమ్మా గా కాగితం జేసింది!"

"మంచిగ జేసినవ్ బిడ్డా. ఒక్క పేరు గూడ అటుఇటు గాలేదు. అందుకే ఇందుల లేనోళ్లను ఎక్కించొద్దని మేడం జెప్పి పోయింది."

"మేడమే మమ్మల్ని ఎక్కమన్నది!"

"మరి కాగితంల ఎందుకు లేరు?"

బస్సు కదిలింది. Bus_GDL1, నేను స్వయంగా పేరు పెట్టిన బస్సు, నా పాఠం నేర్చుకున్న పిల్లలందరినీ ఎక్కించుకుని, మా ఇద్దరి మొహాన దుమ్ము కొట్టి గద్వాల దారి పట్టింది. నేనూ ఖాజా సార్ వనపర్తి బస్టాండులో మిర్చిబజ్జీలు తింటూ, ఆర్టీసీ బస్సు కోసం నిలబడి, ఆ బస్సులో గద్వాల దాకా నిలబడి, దారంతా పిచ్చివాళ్లలా నవ్వుకుంటూ వచ్చాం.

అందుకని ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి మౌసు మీద పెట్టి, పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ బస్సుకు జాబితా చేసినా, మొదటి గడిలో నా పేరు, రెండో గడిలో ఖాజా సార్ పేరు రాసుకున్నాకే, లోకంలోని మిగతా ప్రయాణికుల సంగతి చూస్తాను.